పడవలో ఒక్కరే.. వెనకాల పెద్ద వ్యవస్థ! సెయిలింగ్ సంఘం అసలు ఏం చేస్తుంది?

వానాకాలం వస్తే చాలు, హుస్సేన్ సాగర్‌లో తెల్లటి తెరచాపలు కనిపిస్తాయి. ట్యాంక్ బండ్ మీద బండి ఆపి వీడియో తీసుకునేవాళ్లూ, నెక్లెస్ రోడ్డు వైపు నుంచి పిల్లలకు చూపించేవాళ్లూ ఉంటారు. చూసినవాళ్లలో చాలామందికి వచ్చే అనుమానం ఒకటే. ఇది డబ్బున్నోళ్ల సరదానా, నిజంగా ఆటేనా? ఆటే అయితే నడిపించేది ఎవరు? మామూలు ఇంటి పిల్లలకు ఇందులో చోటుందా?

చోటుందని చెప్పడానికి ఓ పేరు చాలు. నేహా ఠాకూర్. మధ్యప్రదేశ్‌లోని దేవాస్ జిల్లా రైతు కుటుంబం నుంచి వచ్చిన అమ్మాయి. ఆ రాష్ట్రానికి సముద్రమే లేదు. అయినా 2023 సెప్టెంబర్‌లో చైనాలోని హాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో సెయిలింగ్‌లో రజతం తెచ్చింది.

మరి చెరువులో మొదలైన ప్రయాణం అక్కడిదాకా ఎలా వెళ్తుంది? మధ్యలో ఎవరెవరు ఉంటారు? జాతీయ సెయిలింగ్ సంఘం చేసే పనేంటి? ఒక్కో మెట్టుగా చూద్దాం.

ఇంతకీ ఈ సంఘం ఏంటి?

మన దేశంలో సెయిలింగ్‌కు జాతీయ సంఘం యాచింగ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా. షార్ట్‌గా వైఏఐ. 1960లో ఏర్పడింది. తెరచాప పడవల రేసులతో పాటు విండ్ సర్ఫింగ్ కూడా దీని కిందకే వస్తుంది. క్రికెట్‌కు బీసీసీఐ ఎలాగో, ఈ ఆటకు వైఏఐ అలాగ. కాకపోతే అంత డబ్బూ లేదు, అంత పేరూ లేదు.

దీనికి పైన వరల్డ్ సెయిలింగ్ అనే అంతర్జాతీయ సంస్థ ఉంది. 1907లో పారిస్‌లో వేరే పేరుతో మొదలైంది. 2015 నుంచి ఈ పేరుతో ఉంది. 140కి పైగా దేశాల సంఘాలు ఇందులో సభ్యులు. ఒక్కో దేశం నుంచి ఒక్క జాతీయ సంఘాన్నే గుర్తిస్తుంది.

వైఏఐ కింద సెయిలింగ్ క్లబ్బులు, రాష్ట్ర స్థాయి సంఘాలు, ఒక్కో రకం పడవకు ఉండే క్లాస్ అసోసియేషన్లు ఉంటాయి. వీటిలో చాలా పాతవీ ఉన్నాయి. ముంబైలోని రాయల్ బాంబే యాట్ క్లబ్ 1846 నాటిది, చెన్నైలోని రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ 1911 నాటిది. ఆర్మీ, నేవీ జట్లు కూడా ఇదే వ్యవస్థలో భాగం. నిజం చెప్పాలంటే మన దేశంలో ఈ ఆట ఇన్నేళ్లు నిలబడిందంటే అందులో సైన్యం వాటా చాలా పెద్దది.

అంటే ఒక పిల్ల పడవ ఎక్కాలంటే ఢిల్లీలోని సంఘం దగ్గరకు వెళ్లదు. పక్కనున్న క్లబ్బుకు వెళ్తుంది. కానీ ఆ క్లబ్బులో జరిగే రేసుకు విలువ ఇచ్చేది మాత్రం జాతీయ సంఘమే.

మొదటి మెట్టు: క్లబ్బు గేటు

ఉదాహరణకు ఒకటి అనుకుందాం. హైదరాబాద్‌లో ఆరో తరగతి చదివే ఓ అమ్మాయి ఉంది. నాన్న ఆటో నడుపుతారు. స్కూల్లో ఎవరో చెబితే సెయిలింగ్ నేర్చుకోవాలనిపించింది. ఇంట్లోవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఏంటి? "పడవ ఎంతవుతుంది?"

ఇక్కడే ఈ ఆటకూ మిగతా ఆటలకూ తేడా. కబడ్డీకి కాస్త ఖాళీ స్థలం చాలు. బ్యాడ్మింటన్‌కు రాకెట్ కొంటే మొదలుపెట్టొచ్చు. సెయిలింగ్‌కు పడవ కావాలి, తెరచాప కావాలి, వాటిని దాచే చోటు కావాలి, నీళ్లలోకి దించే ర్యాంప్ కావాలి. పిల్లలు మునిగిపోకుండా వెంట తిరిగే మోటారు బోటు, అందులో తెలిసిన మనిషి ఉండాలి. ఒలింపిక్ స్థాయి పడవ కొత్తది కొనాలంటే లక్షల్లో మాట.

అందుకే సొంత పడవ లేని పిల్లలకు క్లబ్బు పడవే దిక్కు. ఒకే పడవ మీద పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు నేర్చుకుంటారు. క్లబ్బు దగ్గర పడవలుంటే ఆట పెరుగుతుంది, లేకపోతే అక్కడే ఆగిపోతుంది. నేహా ఠాకూర్ విషయంలో జరిగిందిదే. భోపాల్‌లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం నడిపే నేషనల్ సెయిలింగ్ స్కూల్‌లో ఆమె శిక్షణ పొందింది. పడవ, కోచ్, నీళ్లు అన్నీ అక్కడే దొరికాయి. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన హర్షితా తోమర్ కూడా ఆ స్కూల్ నుంచే వచ్చింది.

చూశారుగా. జాతీయ సంఘం ఎంత గొప్ప కేలండర్ వేసినా, కింద క్లబ్బులో పడవ లేకపోతే ఆ అమ్మాయికి అది కాగితమే.

ఏ వయసుకు ఏ పడవ?

చిన్నపిల్లలు మొదలుపెట్టేది ఆప్టిమిస్ట్ అనే పడవతో. చూడటానికి పెద్ద టబ్బులా ఉంటుంది. పొడవు రెండున్నర మీటర్ల లోపే, తెరచాప ఒక్కటే. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన పిల్లల కోసమే దీన్ని డిజైన్ చేశారు. ఇవాళ ప్రపంచమంతా పిల్లలు దీని మీదే నేర్చుకుంటారు. 15 ఏళ్లు వచ్చే సంవత్సరం దాకా ఇందులో పోటీ పడొచ్చు.

ఆ తర్వాత ఎక్కువమంది వెళ్లేది ఐఎల్‌సీఏ పడవకు. పాతవాళ్లు దీన్నే లేజర్ అంటారు. ఇందులో ఓ తెలివైన ఏర్పాటుంది. పడవ అడుగు భాగం ఒకటే, తెరచాప సైజు మాత్రం మూడు రకాలు.

• ఐఎల్‌సీఏ 4: చిన్న తెరచాప, 4.7 చదరపు మీటర్లు. టీనేజ్ పిల్లలకు.
• ఐఎల్‌సీఏ 6: మధ్య సైజు. ఒలింపిక్స్‌లో మహిళల విభాగం ఇదే.
• ఐఎల్‌సీఏ 7: పెద్ద తెరచాప, 7 చదరపు మీటర్ల పైమాటే. ఒలింపిక్స్‌లో పురుషుల విభాగం.

అంటే పిల్ల పెరిగే కొద్దీ పడవ మొత్తం మార్చక్కర్లేదు. కింది భాగం మాస్ట్, తెరచాప మారిస్తే సరిపోతుంది. ఖర్చు చూసుకునే క్లబ్బులకు ఇది పెద్ద ఊరట.

ఇంకో ముఖ్యమైన సంగతి. రేసులో అందరి పడవలూ ఒకేలా ఉండాలి. ఒకరి పడవ తేలిగ్గా, ఇంకొకరిది బరువుగా ఉంటే గెలిచింది మనిషా, డబ్బా? అందుకే పోటీకి ముందు పడవలను, తెరచాపలను చెక్ చేస్తారు. సైజులు, బరువులు రూల్ ప్రకారం ఉన్నాయో లేదో చూస్తారు. ఆ చెకింగ్ చేసేవాళ్లకు శిక్షణ కావాలి, గుర్తింపు కావాలి. క్లాస్ అసోసియేషన్లు, జాతీయ సంఘాలు కలిసి చూసుకునే పనుల్లో ఇదొకటి. బయటికి కనిపించదు, కానీ పేదింటి పిల్లకు అసలైన రక్షణ ఇదే.

పక్కనే అంపైర్ ఉండడు.. మరి తప్పు చేస్తే?

సెయిలింగ్‌లో చాలా రేసుల్లో క్రికెట్‌లా పక్కనే నిలబడి వేలెత్తే అంపైర్ ఉండడు. నీళ్ల మీద పదుల పడవలు ఒకేసారి తిరుగుతుంటాయి. అన్నిటినీ చూడటం ఎవరివల్లా కాదు.

అందుకే ఈ ఆటలో మొదటి సూత్రం నిజాయితీ. తప్పు చేశానని తెలిస్తే సెయిలర్ తనంతట తానే శిక్ష వేసుకోవాలి. ఇంకో పడవకు దారి ఇవ్వాల్సిన చోట ఇవ్వకపోతే మామూలుగా పడవను అక్కడికక్కడే రెండు చుట్లు తిప్పాలి. రేసు దారిలో పెట్టిన బాయను తగిలితే ఒక చుట్టు. ఆ లోపు మిగతావాళ్లు ముందుకు వెళ్లిపోతారు. అదే శిక్ష.

ఒప్పుకోకపోతే? నష్టపోయిన సెయిలర్ వెంటనే గట్టిగా "ప్రొటెస్ట్" అని అరవాలి. ఒడ్డుకు వచ్చాక రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ప్రొటెస్ట్ కమిటీ ఇద్దరినీ కూర్చోబెట్టి వింటుంది, సాక్షుల్ని అడుగుతుంది, తీర్పు చెబుతుంది. చిన్నపిల్లల రేసుల్లో కూడా ఇదే పద్ధతి. పన్నెండేళ్ల పిల్ల కూడా పెద్దల ముందు నిలబడి "గాలి ఇటు నుంచి వచ్చింది, నా పడవ ఇక్కడుంది" అని తనే చెప్పుకోవాలి.

ఆ తీర్పులో రూల్‌ను తప్పుగా వాడారనిపిస్తే, మామూలుగా జాతీయ సంఘానికి అప్పీల్ చేసుకోవచ్చు. అయితే ఇక్కడో షరతు ఉంది. "అసలు అక్కడ జరిగింది అది కాదు" అని అప్పీల్ చేయడం కుదరదు. జరిగినదానికి రూల్‌ను తప్పుగా వర్తింపజేశారని మాత్రమే అడగొచ్చు. అంతర్జాతీయ జ్యూరీ ఉన్న పెద్ద పోటీల్లో అప్పీల్‌కు అవకాశం ఉండదు.

రూల్స్ పుస్తకం వరల్డ్ సెయిలింగ్ తయారుచేస్తుంది. నాలుగేళ్లకోసారి మారుస్తుంది. ఇప్పుడు నడిచేది 2025–2028 ఎడిషన్. ఈ రూల్స్ తెలిసిన జడ్జీలు, రేస్ ఆఫీసర్లు దేశంలో తగినంతమంది ఉండేలా చూడటం, వాళ్లకు ట్రైనింగ్ ఇవ్వడం, పరీక్షలు పెట్టడం జాతీయ సంఘం బాధ్యత. మంచి ఆఫీసర్లు లేని చోట మంచి సెయిలర్లు ఉన్నా ఫలితం మీద ఎవరికీ నమ్మకం ఉండదు.

తక్కువ పాయింట్లు వస్తేనే విజేత!

టీవీలో సెయిలింగ్ చూసేవాళ్లు తికమకపడేది ఇక్కడే. ఈ ఆటలో ఎక్కువ పాయింట్లు వస్తే ఓడినట్టు. మొదటి స్థానానికి 1 పాయింట్, రెండో స్థానానికి 2, పదో స్థానానికి 10. కొన్ని రోజులపాటు చాలా రేసులు జరుగుతాయి. అన్నీ కలిపి ఎవరికి తక్కువొస్తే వాళ్లే విన్నర్. అందరికన్నా వెనకబడ్డ ఒక రేసును లెక్కలోంచి తీసేసే వెసులుబాటు ఉంటుంది.

నేహా స్కోరే చూడండి. హాంగ్జౌలో ఐఎల్‌సీఏ 4 బాలికల విభాగంలో 11 రేసులు జరిగాయి. ఆమెకు మొత్తం 32 పాయింట్లు వచ్చాయి. బాగా రాని ఒక రేసు తాలూకు 5 పాయింట్లు తీసేస్తే 27. ఆ 27తోనే రజతం. అంటే ఒక్క రేసులో అదరగొడితే సరిపోదు, రోజూ ముందు వరుసలో ఉండాలి.

అలా రోజూ ముందుండాలంటే ఏడాది పొడవునా పోటీలు ఉండాలి. అందుకే వైఏఐ కేలండర్ ముఖ్యం. ఏ పోటీ ర్యాంకింగ్ ఈవెంటో, ఏది జాతీయ చాంపియన్‌షిప్పో ముందే తెలిస్తే, పిల్లలు స్కూల్ పరీక్షలు చూసుకుని తయారవుతారు. క్లబ్బులు పడవలను లారీల్లో ఎక్కించుకుని వెళ్తాయి.

కోటా మనిషిదా, దేశానిదా?

ఇది అసలైన మెలిక. ఒలింపిక్స్ సెయిలింగ్‌లో ఒక్కో విభాగంలో ఒక్కో దేశానికి ఒక్క పడవకే చోటు. దేశంలో పదిమంది మంచి సెయిలర్లున్నా వెళ్లేది ఒక్కరే. అంతేకాదు, ప్రపంచ చాంపియన్‌షిప్‌లోనో, అర్హత పోటీల్లోనో ఒక సెయిలర్ కష్టపడి సాధించే కోటా మామూలుగా ఆ దేశం పేరు మీద పడుతుంది. ఆ చోటులో ఎవరిని పంపాలన్నది తర్వాతి నిర్ణయం.

అంటే సెలక్షన్ రూల్స్ ముందే రాసిపెట్టి ఉండాలి. ఏ పోటీల ఫలితాలు లెక్కలోకి వస్తాయి? గాయమైతే ఏంటి? పాయింట్లు సమానమైతే ఏంటి? ఇవన్నీ పోటీ మొదలవక ముందే అందరికీ తెలియాలి. సెయిలర్ జీవితంలో నాలుగేళ్ల కష్టం ఈ కాగితం మీద ఆధారపడుతుంది. జాతీయ సంఘం చేసే పనుల్లో అన్నిటికన్నా సున్నితమైంది ఇదే.

మన సెయిలర్లు ఈ దారిలో ఎంత దూరం వచ్చారో చూస్తే..

• 1972: మ్యూనిక్ ఒలింపిక్స్‌తో భారత్ తొలిసారి ఒలింపిక్ సెయిలింగ్‌లో అడుగుపెట్టింది. సోలీ కాంట్రాక్టర్, ఎ.ఎ. బాసిత్ జోడీ బరిలోకి దిగింది.
• 1993–94: హోమీ మోతివాలా, పి.కె. గార్గ్ జోడీకి రాజీవ్ ఖేల్ రత్న.
• 2018: జకార్తా ఆసియా క్రీడల్లో వర్షా గౌతమ్, శ్వేతా షెర్వేగర్ జోడీకి రజతం. హర్షితా తోమర్‌కు కాంస్యం. వరుణ్ ఠక్కర్, కేసీ గణపతి జోడీకి కాంస్యం.
• 2021: టోక్యో ఒలింపిక్స్‌కు ఒకేసారి నలుగురు, మూడు విభాగాల్లో. చెన్నై అమ్మాయి నేత్రా కుమనన్ ఒలింపిక్స్‌కు అర్హత సాధించిన తొలి భారత మహిళా సెయిలర్.
• 2023: హాంగ్జౌలో మూడు పతకాలు. నేహాకు రజతం, ఎబాద్ అలీకి విండ్ సర్ఫింగ్‌లో కాంస్యం, విష్ణు శరవణన్‌కు ఐఎల్‌సీఏ 7లో కాంస్యం.
• 2024: పారిస్ ఒలింపిక్స్. రేసులు జరిగింది మాత్రం సముద్ర తీర నగరం మార్సెయ్‌లో. విష్ణుకు 18వ స్థానం, నేత్రాకు 21వ స్థానం.

ఒలింపిక్ పతకం ఇంకా రాలేదు. కానీ టోక్యోలో నేత్రా 35వ స్థానంలో ఉంది, మూడేళ్లలో 21కి వచ్చింది. ఒక్కో స్థానం పైకి రావడం వెనక ఎన్ని నెలల విదేశీ శిక్షణ ఉంటుందో లెక్కేసుకోవచ్చు.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

సెయిలింగ్‌కు టికెట్లు కొనే జనం ఉండరు. టీవీ హక్కుల కోట్లు ఉండవు. కాబట్టి సంఘానికి దారులు కొన్నే. సభ్యుల ఫీజులు, పోటీల ఎంట్రీ ఫీజులు, స్పాన్సర్లు, ప్రభుత్వ సాయం.

ప్రభుత్వం వైపు నుంచి రెండు మార్గాలు ముఖ్యం. ఒకటి, జాతీయ సంఘం ఏటా శిక్షణ, పోటీల కేలండర్ తయారుచేసి కేంద్ర క్రీడా శాఖకు ఇస్తుంది. దాన్ని బట్టి క్యాంపులకు, విదేశీ పోటీలకు, కోచ్‌లకు నిధులు వస్తాయి. రెండోది, 2014లో మొదలైన టార్గెట్ ఒలింపిక్ పోడియం స్కీమ్. దాన్నే టాప్స్ అంటారు. ఇది నేరుగా క్రీడాకారుడి మీద ఖర్చుపెట్టే పథకం. కోర్ గ్రూప్‌లో ఉంటే శిక్షణ ఖర్చుతో పాటు నెలకు రూ.50 వేల అలవెన్స్ ఇచ్చేలా పెట్టారు.

ఇక్కడో సంగతి గమనించాలి. ఈ డబ్బు చాలావరకు పైకి వచ్చేసినవాళ్లకు అందుతుంది. మనం అనుకున్న ఆరో తరగతి అమ్మాయి ఆ స్థాయికి రావాలంటే కనీసం ఏడెనిమిదేళ్లు పడుతుంది. ఆ ఏడెనిమిదేళ్లు ఆమెను ఎవరు మోస్తారు? క్లబ్బు, రాష్ట్ర ప్రభుత్వం, లేదా ఆర్మీ, నేవీ. ఈ మూడింటిలో ఏదీ దగ్గర్లో లేకపోతే ఆ అమ్మాయి ఆటో స్టాండ్ దాటి రాలేదు. దేశంలో సెయిలింగ్‌కు ఉన్న పెద్ద ఖాళీ ఇదే.

పతకం కన్నా ముందు ప్రాణం

సెయిలింగ్ రూల్స్ పుస్తకం తెరిస్తే మొట్టమొదటి రూల్ గెలుపు గురించి కాదు. ప్రమాదంలో ఉన్నవాళ్లకు చేతనైన సాయమంతా చేయాలి అన్నదే 1.1 రూల్. రేసు మధ్యలో ఉన్నా సరే.

ఇది పుస్తకంలో మాట మాత్రమే కాదు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో సెయిలింగ్ పోటీలు బుసాన్‌లో జరిగాయి. కెనడా సెయిలర్ లారెన్స్ లెమ్యూ తన రేసులో రెండో స్థానంలో ఉన్నాడు. అప్పుడే వేరే విభాగంలో పోటీ పడుతున్న ఇద్దరు సింగపూర్ సెయిలర్లు బోల్తాపడిన పడవ దగ్గర అలల్లో చిక్కుకోవడం చూశాడు. పతకం సంగతి పక్కనపెట్టి పడవ తిప్పాడు. ఇద్దరినీ కాపాడాడు. ఆ రేసులో చాలా వెనకబడ్డాడు.

తర్వాత జ్యూరీ ఆయనకు ఆ రేసులో రెండో స్థానమే ఇచ్చింది. సాయం చేసినందుకు నష్టపోయినవాళ్లకు న్యాయం చేసే వీలు రూల్స్‌లోనే ఉంది మరి. పతకం రాలేదు కానీ పియరీ డి కూబర్టిన్ పతకంతో గౌరవించారు.

మన పిల్లల దగ్గరికి వస్తే, ఈ రూల్ మొదలయ్యేది లైఫ్ జాకెట్‌తో. పడవ బోల్తాపడితే మళ్లీ నిలబెట్టడం ఎలాగో నేర్పడమే మంచి క్లబ్బులో తొలి పాఠాల్లో ఒకటి. వెంట రెస్క్యూ బోటు ఉండాలి. గాలి మరీ ఎక్కువైతే రేసు ఆపే ధైర్యం రేస్ ఆఫీసర్‌కు ఉండాలి. ఆ ప్రమాణాలు పెట్టడం, అవి పాటించని చోట అడగడం జాతీయ సంఘం పని.

బ్రిటన్‌లో ఎలా నడుస్తోంది?

పోల్చి చూడటానికి బ్రిటన్ మంచి ఉదాహరణ. ఒలింపిక్ సెయిలింగ్‌లో ఎప్పుడూ ముందుండే దేశమది. అక్కడి సంఘం రాయల్ యాటింగ్ అసోసియేషన్. 1875లో మొదలైంది. మొదట్లో రేసుల రూల్స్ అందరికీ ఒకేలా ఉండాలనే పెట్టారు.

ఇప్పుడు దాని పని రేసులతో ఆగలేదు. లక్షమందికి పైగా సభ్యులున్నారు. వాళ్లలో చాలామంది జన్మలో రేసు చేయనివాళ్లు. సెలవు రోజు కుటుంబంతో పడవ మీద వెళ్లేవాళ్లు. మరి వాళ్లు ఫీజు ఎందుకు కడతారు? ఎందుకంటే సంఘం నుంచి వాళ్లకు పనికొచ్చేవి దొరుకుతాయి. పడవ కొనేటప్పుడు న్యాయ సలహా, విదేశీ నీళ్లలో చూపించే సర్టిఫికెట్, ప్రభుత్వంతో మాట్లాడే గొంతు.

బ్రిటన్‌లో సరదాకు సొంత పడవ మీద సముద్రంలోకి వెళ్లాలంటే లైసెన్స్ తప్పనిసరి కాదు. వినడానికి వింతగా ఉంటుంది. దాని బదులు సంఘం శిక్షణ మీద ఆధారపడ్డారు. జనం తమంతట తామే కోర్సు చేసి సర్టిఫికెట్ తీసుకుంటారు. ఆ కోర్సులు నేర్పే గుర్తింపు కేంద్రాలు రెండు వేలకు పైగా ఉన్నాయి. బ్రిటన్ బయట కూడా చాలా దేశాల్లో ఉన్నాయి. దివ్యాంగుల కోసం సెయిలబిలిటీ అనే కార్యక్రమం విడిగా నడుస్తుంది.

ఇందులో మనం గమనించాల్సింది ఒకటే. అక్కడ పతకాలు పైనుంచి ఊడిపడలేదు. కింద లక్షలమంది నీళ్ల మీద తిరిగితే వాళ్లలోంచి పదిమంది పైకొచ్చారు. మన దగ్గర కింద మెట్టు ఇంకా సన్నగా ఉంది.

తెలుగు రాష్ట్రాల సంగతేంటి?

విచిత్రం ఏంటంటే, పొడవైన తీరం ఉన్నది ఆంధ్రప్రదేశ్‌కు. సెయిలింగ్ పోటీలకు పేరున్నది మాత్రం తీరమే లేని తెలంగాణకు. కారణం హుస్సేన్ సాగర్. 16వ శతాబ్దంలో కుతుబ్ షాహీల కాలంలో తవ్విన చెరువు ఇప్పుడు రేసు మైదానం అయింది.

సికింద్రాబాద్‌లోని ఆర్మీ ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ లాంటివి ఇక్కడ ఆటను నిలబెట్టాయి. దశాబ్దాలుగా హైదరాబాద్ సెయిలింగ్ వీక్ జరుగుతోంది. లేజర్ పడవల సెయిలర్లు దేశం నలుమూలల నుంచి వస్తారు. వానాకాలం గాలులు బాగుంటాయి కాబట్టి ఆ సీజన్‌లో పెడతారు. యాట్ క్లబ్ పిల్లల కోసం మాన్‌సూన్ రెగట్టా నిర్వహిస్తుంది. దానికి జాతీయ ర్యాంకింగ్ ఈవెంట్‌గా గుర్తింపు ఉంది. చుట్టూ రోడ్లు, భవనాలు ఉండటంతో ఇక్కడ గాలి ఉన్నట్టుండి దిక్కు మారుతుంది. కొత్తవాళ్లకు కష్టమే. కానీ ఇక్కడ నేర్చుకున్నవాళ్లకు గాలి చదవడం త్వరగా వస్తుంది.

యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ మామూలు కుటుంబాల పిల్లలను, ప్రభుత్వ, గురుకుల పాఠశాలల పిల్లలను కూడా నీళ్ల మీదకు తెచ్చింది. అక్కడ నేర్చుకున్న కొంగర ప్రీతి హాంగ్జౌ ఆసియా క్రీడల్లో 470 మిక్స్‌డ్ విభాగంలో భారత్ తరఫున బరిలోకి దిగింది. అంటే మనం అనుకున్న ఆ ఆరో తరగతి అమ్మాయి కథ పూర్తిగా ఊహ కాదు.

ఆంధ్రా వైపు విశాఖలో నేవీ ఉంది. 2017 సెప్టెంబర్‌లో గోవా నుంచి ఐఎన్‌ఎస్‌వీ తారిణి మీద బయల్దేరిన ఆరుగురు మహిళా నేవీ అధికారులు భూగోళాన్ని చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. వాళ్లలో విశాఖకు చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఇద్దరూ మన తెలుగు అమ్మాయిలే. అది నేవీ యాత్ర, రేసు కాదు. కానీ అవకాశం దొరికితే ఎంత దూరం వెళ్లొచ్చో చూపించింది.

తీరం పొడవునా మత్స్యకారుల పిల్లలున్నారు. గాలి, అల, పోటు వాళ్లకు పుట్టుకతోనే తెలుసు. వాళ్ల ఊళ్లకు పది ఆప్టిమిస్ట్ పడవలు, ఒక కోచ్ వెళ్తే ఏమవుతుందో ఆలోచించండి. అది ప్రభుత్వాలూ, సంఘమూ కలిసి వేయాల్సిన అడుగు.

పిల్లల్ని చేర్చాలనుకుంటే ఇవి అడగండి

సెయిలింగ్ కోర్సు అంటూ ప్రకటన కనిపించగానే డబ్బు కట్టేయొద్దు. ముందు ఇవి తెలుసుకోండి.

• క్లబ్బుకు వైఏఐ అనుబంధం ఉందా? లేకపోతే అక్కడ ఆడిన రేసులు ర్యాంకింగ్‌లోకి రాకపోవచ్చు.
• కోచ్‌కు ఏ సర్టిఫికెట్ ఉంది?
• పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ రెస్క్యూ బోటు ఉంటుందా? సైజుకు సరిపడా లైఫ్ జాకెట్ ఇస్తారా?
• పడవ క్లబ్బుదేనా, విడిగా అద్దె కట్టాలా?
• ఫీజు రాయితీ, స్కాలర్‌షిప్ ఉన్నాయా? అడగడానికి మొహమాటపడొద్దు.
• పిల్లలకు ఇబ్బంది ఎదురైతే ఎవరికి చెప్పాలి? పేరు, ఫోన్ నంబర్ అడిగి తీసుకోండి.

చివరి ప్రశ్న చాలా ముఖ్యం. 2025లో పార్లమెంటు జాతీయ క్రీడా పరిపాలన చట్టాన్ని ఆమోదించింది. క్రీడా సంఘాల పనితీరును చూసే జాతీయ బోర్డు, వివాదాలు తేల్చే ట్రైబ్యునల్ ఈ చట్టంలో భాగం. సెలక్షన్‌లో అన్యాయం జరిగిందనుకునే సెయిలర్‌కు ఇకపై సంఘం గుమ్మం ఒక్కటే దిక్కు కాకూడదన్నది దీని ఉద్దేశం.

మొత్తానికి తేలేదేంటి?

తెరచాప పడవలో కూర్చునేది ఒక్కరో ఇద్దరో. కానీ ఆ పడవ కొలతలు సరిగా ఉన్నాయని చూసినవాళ్లు, గాలి ఎక్కువైతే రేసు ఆపినవాళ్లు, ఫిర్యాదు విన్నవాళ్లు, ర్యాంకు లెక్కేసినవాళ్లు, జట్టులో పేరు రాసినవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లందరినీ ఒక తాటి మీద నడిపేదే జాతీయ సంఘం.

అది బాగా పనిచేస్తోందా లేదా అన్నది పతకాలతోనే కొలవకూడదు. ఆటో డ్రైవర్ కూతురు క్లబ్బు గేటు దగ్గరకు వచ్చి "నేను నేర్చుకుంటా" అంటే, ఆమెకు ఎక్కడానికి ఒక పడవ ఉందా? అసలు పరీక్ష అదే.

ఈసారి హుస్సేన్ సాగర్‌లో తెరచాపలు కనిపిస్తే వీడియోతో పాటు ఆ పడవ నంబర్ కూడా చూడండి. అంతర్జాతీయ రేసులకు వెళ్లినప్పుడు ఆ నంబర్ పక్కన మన దేశాన్ని తెలిపే మూడు అక్షరాలు చేరతాయి. చెరువులో ఉన్న ఆ చిన్న పడవల్లో ఏ ఒక్కటి అక్కడిదాకా వెళ్తుందో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు.